పద్దెనిమిదేళ్ళవాడికి ఎన్ని నిమిషాలు?

భీమవరంలో సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక కోర్టు పక్క అరుగు మీద మా పాత జట్టువాళ్ళం కాసేపు కూర్చుంటాం. 2025 జూన్‌లో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ టైటిల్ కొట్టిన దగ్గర్నుంచి అక్కడ ఒకటే వాదన. "కుర్రాళ్ళతో కప్పు కొట్టొచ్చని తేలిపోయింది కదరా, ఇంకా మనవాళ్ళు పెద్దాళ్ళనే పట్టుకుని వేళ్ళాడతారేంటి?" అని ఒకడు. "అది ఉత్త కుర్రాళ్ళ జట్టు కాదురా, కుర్రాళ్ళని ఓడిపోనిచ్చిన జట్టు" అని ఇంకొకడు.

ఈ రెండో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. 2020-21లో థండర్ గెలిచింది 22 ఆటలు. ఆ మరుసటి ఏడాది 24. ఆ రెండేళ్ళూ ఓడుతూనే కుర్రాళ్ళని ఆడించారు. వాళ్ళు పెట్టిన పెట్టుబడి అదే. మా జిల్లాలో గానీ, మన దేశంలో గానీ ఏ కోచ్‌కైనా రెండేళ్ళు ఓడిపోయే వెసులుబాటు ఎవరిస్తారు?

అసలు ప్రశ్న అక్కడుంది. ప్రొఫెషనల్ జట్టులో కుర్రాడికి పనికొచ్చే నిమిషాలు దొరుకుతాయా అని అడిగితే నా జవాబు, దొరుకుతాయి అనే. కాకపోతే "సంపాదించుకోవాలి" అని అందరూ అనే మాటలో సగమే నిజం. కుర్రాడు సంపాదించుకోవలసింది సగం. తప్పు చేశాక కూడా అతని చోటు అతనికే ఉంచే మనిషి ఒకడు ఉండటం మిగతా సగం. ఈ రెండో సగం గురించి మనం మాట్లాడం. కుర్రాడిలోనే ఏదో లోపం ఉందనుకుని ఊరుకుంటాం.

పనికొచ్చే నిమిషాలు అంటే, గెలుపోటములు ఇంకా తేలని సమయంలో ఆడేవి. 25 పాయింట్ల తేడా వచ్చాక చివరి మూడు నిమిషాలకి దింపితే దాన్ని ఆట అనలేం.

లెక్క చాలా ఇరుకు

ఎన్‌బీఏ ఆట 48 నిమిషాలు. అయిదుగురికి కలిపి 240. మొదటి అయిదుగురు తలా 34 ఆడితే 170 పోయాయి. మిగిలిన 70 నిమిషాలు బెంచి మీద ముందు వరసలో ఉన్న నలుగురు పంచుకుంటారు. జట్టులో మామూలు కాంట్రాక్టు ఉన్నవాళ్ళు 15 మంది, టూ-వే కాంట్రాక్టు మీద, అంటే పెద్ద జట్టుకీ కింది లీగ్‌కీ మధ్య తిరిగేవాళ్ళు, ఇంకో ముగ్గురు. అంటే సగానికి సగం మందికి రోజూ చెమట పట్టదు. సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ వచ్చేసరికి ఆ తొమ్మిది మంది ఎనిమిది అవుతారు. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ సమాఖ్య) ఆటలో 40 నిమిషాలే. 200 నిమిషాలు, 12 మంది.

కాబట్టి 18 ఏళ్ళ కుర్రాడు ఆడే ప్రతి నిమిషమూ పేరున్న ఒక పెద్దవాడి దగ్గర్నుంచి తీసి ఇవ్వాల్సిందే. ఆ పెద్దవాడికి కాంట్రాక్టు ఉంది, కుటుంబం ఉంది, పదేళ్ళ అనుభవం ఉంది, కోచ్‌తో స్నేహం కూడా ఉండొచ్చు. "వాడిలో టాలెంట్ ఉందా?" అని అడిగితే ఇదేమీ బయటపడదు. "వాడిని దింపితే ఎవరు లేవాలి?" అని అడగాలి.

సాత్విక్ ఆడలేదా, వైభవ్ ఆడలేదా

గోదావరి జిల్లాల్లో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న అమలాపురం నుంచి వస్తుంది. సాత్విక్‌సాయిరాజ్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ వెండి పతకం గెలిచినప్పుడు వయసు 17. "మన కోనసీమ కుర్రాడే ఆ వయసుకి అంత దూరం వెళ్ళాడు, బాస్కెట్‌బాల్ వాళ్ళకేం వచ్చింది?" అంటారు. రెండో ఉదాహరణ వైభవ్ సూర్యవంశీ. 2025 ఐపీఎల్‌లో 14 ఏళ్ళకే 35 బంతుల్లో సెంచరీ.

ఇద్దరినీ చూస్తే గుండె నిండుతుంది. కానీ బ్యాడ్మింటన్‌లో కోర్టులోకి దిగినవాడు ఆట ముగిసేదాకా అక్కడే ఉంటాడు. మొదటి గేమ్ పోయిందని మధ్యలో ఎవరూ లేపి ఇంకొకరిని పెట్టరు. ఓపెనర్‌గా దిగిన బ్యాట్స్‌మన్‌కి కూడా ఔటయ్యేదాకా బ్యాటు చేతిలోనే ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో అలా కాదు, ఒక్క చెడ్డ పాస్ చాలు. కోచ్ బెంచి వైపు తిరుగుతాడు, హార్న్ మోగుతుంది, అయిపోయింది. ఆట మధ్యలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చన్న నిబంధన ఆటగాళ్ళకి ఊపిరి పీల్చుకునే అవకాశం ఇస్తుంది. కుర్రాడికి మాత్రం అదే పెద్ద టెన్షన్. వాడు ఆడుతున్నంతసేపూ ఒక కన్ను బంతి మీద, ఒక కన్ను బెంచి మీద.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వైభవ్‌కి ఆ చోటు దొరికింది సంజూ శాంసన్ గాయపడటం వల్ల. అంటే అక్కడ కూడా ముందు ఒకరు లేవాల్సి వచ్చింది. తర్వాత వాడు చేసింది వాడి గొప్పతనం, అందులో అనుమానం లేదు.

తక్కువ పని, తప్పు లేకుండా

మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు ఫోన్లో చూసేవన్నీ ఎన్‌బీఏ స్టార్ల విన్యాసాలే: లూకా డాన్సిచ్ వెనక్కి అడుగేసి కొట్టే స్టెప్‌బ్యాక్‌లు, స్టెఫెన్ కర్రీ దూరం నుంచి వేసే మూడు పాయింట్ల త్రీలు. వాళ్ళని నేను థండర్ కుర్రాడు కేసన్ వాలెస్‌ని చూడమంటాను. 2023 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, పదో స్థానంలో వచ్చాడు, అప్పటికి 19 ఏళ్ళు. మొదటి ఏడాదే 82 ఆటలకి 82 ఆడాడు, సగటున 20 నిమిషాలు. అదీ ఆ ఏడాది 57 ఆటలు గెలిచి లీగ్‌లోని పడమటి సగంలో (వెస్ట్) మొదటి స్థానంలో నిలిచిన జట్టులో. ఏం చేసేవాడు? అవతలి జట్టులో బంతి నడిపే గార్డుని వదలకుండా పట్టుకునేవాడు. దాడిలో మూలకి వెళ్ళి నిలబడి, బంతి వస్తే త్రీ వేసేవాడు. పదిలో నాలుగు పడేవి. అంతకు మించి వాడిని ఎవరూ అడగలేదు, వాడూ మీద వేసుకోలేదు.

కోచ్‌కి భయం లేకుండా చేయడమే కుర్రాడు చేయాల్సిన పని. తన మనిషిని పోనివ్వకపోవడం, షాట్ పడగానే వెనక్కి పరిగెత్తడం, ఎదురుగా వచ్చేవాడిని చేతులతో కొట్టి ఫౌల్ తెచ్చుకోకుండా కాళ్ళతో అడ్డుకోవడం. వీటికి చప్పట్లు రావు. కానీ వీటివల్లే రెండు నిమిషాలు నాలుగవుతాయి, నాలుగు పది అవుతాయి.

దీనికి ఎదురుగా జాలిల్ ఒకాఫర్ కథ ఉంది. 2015లో ఫిలడెల్ఫియా వాళ్ళు మూడో స్థానంలో తీసుకున్నారు. మొదటి ఏడాదే సగటున 30 నిమిషాలు, 17 పాయింట్ల పైన. నిమిషాలకి కొదవ లేదు. కానీ ఆ జట్టు 82లో పదే గెలిచింది. డిఫెన్స్‌లో ఒకాఫర్ తేలిపోయేవాడు, ఆయన ఆడే పోస్టులోంచి, అంటే రింగు దగ్గరి చోటులోంచి, కొత్త ఆట బయటికి వెళ్ళిపోయింది. జట్టు బాగుపడుతున్నకొద్దీ ఆయన నిమిషాలు తగ్గాయి, 2017 డిసెంబరులో బ్రూక్లిన్‌కి పంపేశారు. నిమిషాలు ఇచ్చేస్తే చాలు, కుర్రాడు తయారైపోతాడు అనేవాళ్ళకి ఇది గట్టి జవాబు. నా వాదనకీ ఇది అడ్డమే, ఒప్పుకోవాలి. ఏమీ అడగకుండా చోటిస్తే కుర్రాడు తనకి వచ్చిందే మళ్ళీ మళ్ళీ చేస్తాడు.

చోటు పట్టి ఉంచేవాడు

ఇక మిగతా సగం. 1997 మే నెలలో యూటా జాజ్‌తో లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ప్లేఆఫ్స్ అయిదో ఆట. లేకర్స్ పెద్ద స్టార్ షకీల్ ఓనీల్ ఆరు ఫౌల్స్‌తో (ఎన్‌బీఏలో హద్దు అదే) బయటికి వెళ్ళిపోయాడు. 18 ఏళ్ళ కోబీ బ్రయంట్ చివరి షాట్లు వేశాడు. నాలుగు షాట్లు రింగుకి కూడా తగల్లేదు. లేకర్స్ ఇంటిదారి పట్టారు. ఈ కథని కోబీ గుండెధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. నేను అందులో చూసేది ఆ తర్వాతి ఏడాదిని. మొదటి ఏడాది సగటున 15 నిమిషాలున్న కుర్రాడికి, సీజన్‌ని అలా ముగించినవాడికి, మరుసటి ఏడాది 26 నిమిషాలు ఇచ్చారు. ఒక్క ఆట చూసి వాడి పని అయిపోయింది అనుకోలేదు.

టోనీ పార్కర్ కథ నాకింకా ఇష్టం. 2001లో డ్రాఫ్ట్‌లో 28వ స్థానంలో తీసుకున్న 19 ఏళ్ళ ఫ్రాన్సు కుర్రాడిని శాన్ ఆంటోనియో స్పర్స్ మొదటి ఏడాదే, జట్టు ఆటని నడిపించే పాయింట్ గార్డుగా మొదలుపెట్టించారు. సగటున 29 నిమిషాలు. అది ఓడిపోయే జట్టు కాదు, ఆ ఏడాది 58 ఆటలు గెలిచింది. కోచ్ గ్రెగ్ పొపోవిచ్ అతన్ని తిట్టని రోజు లేదని చెబుతారు. 2003 ఫైనల్స్ చివరి ఆటలో నాలుగో క్వార్టర్లో పార్కర్‌ని ఎక్కువసేపు కూర్చోబెట్టి స్పీడీ క్లాక్స్‌టన్‌ని ఆడించారు. టైటిల్ వచ్చింది. మరుసటి ఏడాది పాయింట్ గార్డు మళ్ళీ పార్కరే. 2007 ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు ఆయనే.

కోచ్ కఠినంగా ఉండకూడదని నేననడం లేదు. ఆ రాత్రి పొపోవిచ్ చేసింది సరైన పనే. ఆట గెలవాల్సిన చోట కూర్చోబెట్టాడు, కుర్రాడి స్థానాన్ని మాత్రం ముట్టుకోలేదు. మనవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

పార్కర్ విషయంలో మరిచిపోకూడనిది ఒకటుంది. ఆయన అమెరికా వెళ్ళేముందే పారిస్‌లో రెండేళ్ళు ప్రొఫెషనల్‌గా ఆడాడు. యూరప్ క్లబ్బుల పద్ధతి వేరు. డాన్సిచ్‌ని రియల్ మాడ్రిడ్ 13 ఏళ్ళకే తీసుకుంది, 16 ఏళ్ళకి పెద్ద జట్టులో దింపింది, 19 ఏళ్ళకి యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోలీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. స్పెయిన్‌లోనే రికీ రూబియో 14 ఏళ్ళకి లీగ్‌లో ఆడాడు. కుర్రాడిని ఎక్కడినుంచో తెచ్చి పెద్దవాళ్ళ మధ్య పడేయరు. అదే క్లబ్బులో, అవే ఆట పద్ధతులతో చిన్న జట్లలోంచి ఎదిగి వస్తాడు. పెద్ద కోచ్‌కి వాడి బలహీనతలు ముందే తెలుసు. అందుకే వాడి మొదటి తప్పుకి కంగారు పడడు.

బెంచి మీద పెరగరా?

పెరుగుతారు, కొందరు. కోబీ వచ్చిన 1996లోనే హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన ఇంకో కుర్రాడు జర్మేన్ ఓనీల్. పోర్ట్‌లాండ్‌లో నాలుగేళ్ళు బెంచి మీదే గడిపాడు. వాడి చోటులో అప్పటికే రషీద్ వాలెస్, సబోనిస్, బ్రయన్ గ్రాంట్ లాంటి పెద్దవాళ్ళున్నారు. 2000లో ఇండియానాకి పంపారు. అక్కడ మొదటి ఏడాదే 32 నిమిషాలు. రెండో ఏడాదికల్లా లీగ్ మేటి ఆటగాళ్ళు ఆడే ఆల్‌స్టార్ ఆటకి ఎంపిక, అలా వరసగా ఆరుసార్లు.

ఆకివీడు, కొల్లేరు వైపు చేపల చెరువులున్నవాళ్ళకి ఇది విని ఆశ్చర్యం ఉండదు. చేప పిల్లల్ని నెలల తరబడి నర్సరీ చెరువులో ఒత్తుగా ఉంచుతారు. ఇరుకులో ఎదుగుదల ఆగుతుంది. తీసి పెద్ద చెరువులో వదిలితే, ఆగిపోయిన ఎదుగుదలంతా ఒక్కసారి అందుకుంటుంది. బెంచి వల్ల మేలే జరుగుతుందనేవాళ్ళు సరిగ్గా ఇదే చెబుతారు. కానీ ఆ ఇరుకు చెరువులోనూ మేత ఆపరు. రోజూ లెక్క ప్రకారం పడుతుంది. పైగా ఏదో ఒక రోజు పెద్ద చెరువులోకి మార్చాలని రైతు ముందే అనుకుని ఉంటాడు.

డార్కో మిలిచిచ్‌కి ఆ పెద్ద చెరువు దొరకడానికి చాలా ఆలస్యమైంది. 2003 డ్రాఫ్ట్‌లో లెబ్రాన్ జేమ్స్ తర్వాత రెండో స్థానంలో, 18 ఏళ్ళకి డెట్రాయిట్ తీసుకుంది. ఆ జట్టు అప్పటికే బలమైనది, ఆ ఏడాదే టైటిల్ గెలిచింది. డార్కోకి దక్కినవి 34 ఆటల్లో సగటున అయిదు నిమిషాల లోపు. ఆయన లేచి దిగుతున్నాడంటే ఆట అయిపోయిందని జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు 18 ఏళ్ళవాడికి ఎలా వినపడి ఉంటాయో ఆలోచించండి. అదే డెట్రాయిట్‌లో అంతకు ముందు ఏడాది టేషాన్ ప్రిన్స్ సీజన్ అంతా దాదాపు కూర్చుని, ప్లేఆఫ్స్‌లో ఓర్లాండో మీద దిగి నిలబడ్డాడు. కానీ ప్రిన్స్ కాలేజీలో నాలుగేళ్ళు ఆడి, 22 నిండాక వచ్చినవాడు. బెంచి ఎవరికి పాఠం చెబుతుంది, ఎవరిని తినేస్తుంది అన్నదాంట్లో వయసుకి చాలా పాత్ర ఉంది. 23 ఏళ్ళవాడు ఓపిక పడతాడు, వాడి దగ్గర ఆడిన నాలుగేళ్ళ జ్ఞాపకం ఉంది. 18 ఏళ్ళవాడి దగ్గర ఏముంది?

మన కుర్రాళ్ళ సంగతి

సత్నామ్ సింగ్‌ని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. పంజాబ్‌లోని బల్లో కే పల్లెటూరి నుంచి 14 ఏళ్ళకి ఫ్లోరిడా వెళ్ళాడు. 2015లో డల్లాస్ 52వ స్థానంలో తీసుకుంది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. ఆ రోజు మా కోర్టులో స్వీట్లు పంచుకున్నాం. ఎన్‌బీఏలో ఒక్క నిమిషం కూడా ఆడలేదు. ఎన్‌బీఏ కింది లీగ్ అయిన డెవలప్‌మెంట్ లీగ్‌లోనూ కొద్ది నిమిషాలే. ఇప్పుడు రెజ్లింగ్‌లో ఉన్నాడు. ఎత్తు ఏడడుగుల పైన, కష్టపడే గుణం ఉంది. లేనిదల్లా చిన్నప్పటినుంచీ గట్టి పోటీలో ఆడిన వందల గంటలు. అవి అమెరికా కుర్రాడికి ఊళ్ళోనే దొరుకుతాయి.

మన డెల్టాలో ఆ గంటలు ఎక్కడ పోతాయో మనందరికీ తెలుసు. పదో తరగతి పరీక్షలు అయిన వారంలోనే పెట్టె సర్దుతారు. విజయవాడో, హైదరాబాదో, ఇంటర్ హాస్టల్. చాలాచోట్ల గ్రౌండే ఉండదు. డాన్సిచ్ రియల్ మాడ్రిడ్‌కి మొదటిసారి దిగిన వయసుకి మన కుర్రాడి బంతి అటక మీదకి ఎక్కుతుంది. రెండేళ్ళ తర్వాత ఇంజినీరింగ్‌లో చేరి మళ్ళీ కోర్టుకి వస్తాడు. చేతికి బంతి గుర్తుంటుంది, కాళ్ళకి ఉండదు. తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. రైల్వేలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఎంతమందికి వస్తుంది? వాళ్ళ లెక్క వాళ్ళది.

హాస్టల్‌కి వెళ్ళకుండా మిగిలిన కొద్దిమందికైనా మనం ఏం చేస్తున్నాం? మొన్నామధ్య ఒక జిల్లా జట్టుతో పదో తరగతి కుర్రాడొకడు టోర్నమెంటుకి వెళ్ళాడు. రెండు రాత్రులు బస్సు ప్రయాణం, నాలుగు ఆటలు. తిరిగొచ్చాక వాళ్ళమ్మ జెర్సీ ఉతకబోతే "వద్దమ్మా, మాయలేదు" అన్నాడట. ఆ జట్టు కోచ్‌ని నేను అడిగాను, ఒక ఆటలో 20 పాయింట్లు ముందున్నారు కదా మాస్టారూ, అప్పుడైనా దింపాల్సింది అని. "ఏమోనండీ, తేడా తగ్గిపోయి ఓడిపోతే నన్ను అడుగుతారండి. వాడిని ఆడించలేదని ఎవరూ అడగరండి" అన్నాడు.

ఆయన చెప్పింది నిజం. ఆయన చెడ్డవాడు కాదు, పిల్లల కోసం సొంత డబ్బులతో గుడ్లు, అరటిపళ్ళు తెచ్చే మనిషి. ఓడితే అడిగేవాళ్ళున్నారు, ఆడించకపోతే అడిగేవాళ్ళు లేరు. ఇది మారనంతవరకూ ఏ కోచ్ అయినా అంతే చేస్తాడు. డెట్రాయిట్ కోచ్ లారీ బ్రౌన్ చేసిందీ అదే కదా, టైటిల్ గెలిచాక ఆయన్ని డార్కో గురించి ఎవరు నిలదీశారు?

అందుకే నాకు కోచ్‌ల మంచితనం కంటే నిబంధనల మీద నమ్మకం ఎక్కువ. త్రీ బై త్రీ ఆట చూడండి. జట్టుకి నలుగురే, ముగ్గురు ఆడుతుంటే ఒక్కడే బయట. కోచ్‌ని పక్కన ఉండనివ్వరు. పది నిమిషాల ఆట. అక్కడ కుర్రాడిని దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు. స్పెయిన్‌లో మినీ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకైతే ప్రతి ఒక్కరినీ ఆడించి తీరాలన్న నిబంధన ఉంది. రూబియోలు వచ్చిన దేశం అది. మన దగ్గర కూడా 2025లో పాతికేళ్ళ లోపువాళ్ళ కోసం ఐఎన్‌బీఎల్ (ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ప్రో లీగ్ పెట్టారు, హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో మన పక్క జట్టు కూడా ఉంది. మంచి అడుగే. కానీ పాతికేళ్ళవాడు, పద్దెనిమిదేళ్ళవాడు ఒకే జట్టులో ఉంటే మళ్ళీ కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు.

మా సంక్రాంతి టోర్నమెంటుకి

ఈసారి సంక్రాంతి టోర్నమెంటులో ఒక నిబంధన పెడదామని నేను ప్రతిపాదించాను. రెండో క్వార్టర్ పది నిమిషాలూ ప్రతి జట్టులో ఇద్దరు 18 ఏళ్ళ లోపువాళ్ళు కోర్టులో ఉండి తీరాలి. వాళ్ళ పేర్లు ఆటకి ముందే స్కోరర్‌కి ఇవ్వాలి. మిగతా మూడు క్వార్టర్లు ఎవరి ఇష్టం వాళ్ళది.

అభ్యంతరాలు చాలానే వచ్చాయి. పాలకొల్లు వైపు ఒక జట్టులో ఆ వయసువాళ్ళే లేరట. వెతకమన్నాను. ఎవరూ లేకపోతే ఆ ఊళ్ళో ఇంకో అయిదేళ్ళకి జట్టే ఉండదు. వయసు దగ్గర గొడవలొస్తాయన్నారు. పదో తరగతి మార్కుల జాబితా తెమ్మంటాం. బలమైన అభ్యంతరం మా పాత కెప్టెన్‌ది. "ఉద్యోగాల్లోంచి సెలవు పెట్టుకుని ఏడాదికి ఒక్కసారి ఆడదామని వచ్చేవాళ్ళు ఉంటార్రా. వాళ్ళని పది నిమిషాలు కూర్చోబెడతావా?" అన్నాడు. వాడు చెప్పినదాంట్లో న్యాయం ఉంది. పెద్దవాళ్ళ సరదా తక్కువదేమీ కాదు. అయినా వాళ్ళకి ఇంకో ముప్ఫై నిమిషాలున్నాయి.

తేలనిది ఒక్కటే మిగిలింది. ఆ పది నిమిషాల్లోనే ఒక కుర్రాడు మూడు ఫౌల్స్ చేస్తే వాడిని తీసి ఇంకో కుర్రాడిని పెట్టుకోనివ్వాలా అన్నది. కమిటీలో ఎక్కువమంది పెట్టుకోనివ్వాలనే అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. మన ఫీబా ఆటలో అయిదో ఫౌల్‌కి వాడిని ఆటే బయటికి పంపిస్తుంది, మూడో ఫౌల్‌కే మనం పంపక్కర్లేదు. మిగిలిన రెండు ఫౌల్స్‌తో ఎలా ఆడాలో వాడు ఆ కోర్టులోనే నేర్చుకోవాలి. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.